సెంట్లవ్వ కొంగుముడి

సెంట్లవ్వ పోయిందన్న కబురు నాకు బస్సు దిగుతుంటే తెలిసింది. ఎమ్మిగనూరు నుంచి రోజూ నేను ఎక్కే బస్సు ఆదోనిలో ఆగగానే, పూలమ్మే ఆమె బుట్టతో సహా తలుపు దగ్గరికి వచ్చి, "టీచరమ్మా, మీ అవ్వ పాయె. నిద్దట్లోనే పాయె" అంది. మీ అవ్వ అంది. సెంట్లవ్వ నాకు అవ్వ కాదు, చుట్టం కాదు, ఒకే ఊరి మనిషి కూడా కాదు. అయినా ఆ మాట దిద్దాలనిపించలేదు. ఇది పత్తి కాలం. మార్కెట్ యార్డుకు పోయే బండ్ల మీంచి లేచిన దూది ఎటు పోవాలో తేల్చుకోలేనట్టు గాలిలో తిరుగుతోంది. ఒక పింజె వచ్చి నా భుజం మీద వాలింది. దాన్ని దులుపుకోకుండానే బడికి ఫోన్ చేసి సెలవు చెప్పి, ఆమె ఇంటి వైపు నడిచాను.

మీలో ఆదోని బజారు తెలిసినవాళ్లు ఆమెను చూసే ఉంటారు. గాజులు, రిబ్బన్లు, కాటుక డబ్బీలు వేలాడే చిన్న బంకు. అందులో పీట మీద ఒక బక్కపల్చని ముసలామె, నోట్లో ఎప్పుడూ వక్కాకు. ఆమె వెనక అరలో వరసగా సెంటు సీసాలు. పెద్ద పెద్ద కంపెనీల సెంట్లను చూసి ఎక్కడో ఎవరో చేసిన నకళ్లు అవి. అసలు సీసా కొనాలంటే మాబోటి వాళ్లు ఒకటికి పదిసార్లు ఆలోచించాలి. ఆమె దగ్గరివి సంతలో కూరగాయలు కొన్నంత సులువుగా కొనుక్కోవచ్చు. వాటిని ఆమె నకిలీ అనేది కాదు, "జిరాక్సు" అనేది. అడిగినా అడక్కపోయినా ముందే చెప్పేది. "ఇది జిరాక్సు నాయనా. అసలు గాదు. ఇష్టముంటే తీసుకో, మళ్లా నన్ను అనొద్దు."

బంకు పెట్టకముందు ఆమె జిన్నింగు మిల్లులో పత్తి ఏరే పని చేసింది. వయసంతా అక్కడే గడిచింది. ఆ దుమ్ము ఆమెకు జన్మకు సరిపడా దగ్గును ఇచ్చింది గానీ, ఎందుకో ముక్కును మాత్రం ముట్టలేదు. మూట విప్పకముందే లోపలి పత్తి తడిసిందో లేదో చెప్పేదట. ఆదివారం బంకు తీసేది కాదు, చర్చికి పోయేది. "ప్రార్థనలో కండ్లు మూసుకుంటానా, ఎవరు యాడ కూర్చున్నారో నాకు తెలుస్తానే ఉంటాది. అందరూ నా సెంట్లే గదా" అని నవ్వేది. ఆ నవ్వు ప్రతిసారీ దగ్గులోకి జారి, దగ్గులోంచి మళ్లీ నవ్వులోకి వచ్చేది.

సెంటును ఆమె పరీక్ష చేసే పద్ధతి చూడాలి. మందుల షాపు దూది పనికిరాదు, దానికి ఆస్పత్రి వాసన ఉంటుందనేది. గింజ పత్తి తెచ్చుకుని, గింజ తీసేసి, ఆ దూదిని వేళ్లతో సాగదీసి, గోరింత ఉండ చేసేది. దాని మీద ఒక చుక్క. వెంటనే వాసన చూడదు, మొహం పక్కకు తిప్పుకుంటుంది. "మొదటి వాసన అందరిదీ బాగుంటాది పాపా. పెండ్లిసూపులకొచ్చిన పిల్లోని మాదిరి." ఆ దూదిని కొంగు చివర ముడేసి, మరిచిపోయినట్టు తన పనిలో పడిపోయేది. మధ్యాహ్నం ఒకసారి ముడి విప్పి చూసేది, సాయంత్రం ఇంకోసారి. చూసేముందు తన మోచేతి మడతలో ముక్కు పెట్టుకుని గట్టిగా పీల్చేది. ఎందుకవ్వా అంటే, "మన వాసన మనకు తగలదు. అదే సున్నా. సున్నా కాడ్నించి లెక్కబెట్టల్ల" అనేది. సాయంత్రం గానీ తీర్పు వచ్చేది కాదు. తొందరపెట్టిన వాళ్లందరికీ ఒకటే మాట. "సాయంత్రం దాకా ఆగల్ల. సాయంత్రానికి ఏం మిగుల్తాదో అదే సెంటు."

ఇక నేను ఆమె దగ్గరికి ఎందుకు పోవాల్సి వచ్చిందో చెప్పాలి. చెప్పడానికి ఇప్పటికీ సిగ్గే.

మా నాయన కువైట్‌లో ఒక ఇంట్లో డ్రైవరుగా పనిచేసి వచ్చాడు. వచ్చేటప్పుడు ఆ ఇంటాయన, తాను సగం వాడిన ఖరీదైన సెంటు సీసా ఒకటి ఇచ్చాడు. మేము ముట్టుకోవడానికి కూడా భయపడేవాళ్లం. పెండ్లిళ్లకు, పేరంటాలకు, నేను ఉద్యోగంలో చేరిన రోజున, అట్లాంటి రోజుల్లో మాత్రం నాయన కాలరు వెనక ఒక చుక్క రాసుకునేవాడు. ఆయన పోయి తొమ్మిదేండ్లు. పెద్దల అమావాస్యకు కొత్త చొక్కా, పంచె పెట్టి, ఆకు వేసి వడ్డించి, ఆ చొక్కా కాలరుకు ఆ సెంటు ఒక్క చుక్క రాసేది అమ్మ. తర్వాత ఆ చొక్కాను మొహానికి ఆనించుకుని చాలాసేపు అట్లాగే కూర్చునేది. అప్పటికే చక్కెర జబ్బుతో అమ్మ కండ్లు ముప్పాతిక పోయాయి. ఫోటో పెట్టినా కనపడదు. ఆమెకు నాయన ఇంకా ఎక్కడైనా ఉన్నాడంటే ఆ సీసాలోనే. "ఏడాదికొక సుక్క. నేనుండే వరకు వస్తాది లే" అనేది.

ఆ సీసాను పగలగొట్టింది నేను. ఎండాకాలం సెలవుల్లో బీరువా సర్దుతుంటే చేయి జారింది. నాపరాయి బండల మీద పడ్డాక ఇక మిగిలేదేముంది. వాసన ఒక్కసారిగా ఇల్లంతా లేచి నిలబడింది, తలుపు తీసుకుని నాయనే లోపలికి వచ్చాడేమో అన్నట్టు. అమ్మ పక్కింట్లో మగ్గం దగ్గర కూర్చుని వాళ్లతో మాట్లాడుతోంది. నేను ఏడవడం కూడా మాని, తలుపులు బార్లా తీసి, ఫినాయిలు పోసి మూడుసార్లు తుడిచి, సాంబ్రాణి పొగ వేశాను. గాజుముక్కలు చేతిరుమాలులో మూటగట్టి దాచాను. గంటకు అమ్మ వచ్చింది. గడప మీద కాసేపు నిలబడింది. "ఫినాయిలు ఎక్కువేసినావు పాపా" అని లోపలికి పోయింది. గండం గడిచిందనుకున్నాను. ఆ వారమంతా అమ్మ తన గదిలో కాక బీరువా ఉన్న నడింట్లోనే చాప వేసుకుంది. అడిగితే, "ఈడ సల్లగుండాదే" అంది. నిజమే కాబోలు అనుకున్నాను. పిల్లలకు పాఠాలు చెప్పే మనిషిని, అంతకంటే ఆలోచించలేదు.

పెద్దల అమావాస్యకు నాలుగు నెలల టైముంది. ఈలోపల అట్లాంటి సెంటే ఇంకొకటి సంపాదించి అమ్మకు తెలియకుండా బీరువాలో పెట్టాలన్నది నా పథకం. ఇంటర్నెట్‌లో చూస్తే ఆ రకం తయారీయే ఆపేశారు. అప్పుడు గుర్తొచ్చింది సెంట్లవ్వ. మొదట ఆమెకు కూడా అబద్ధమే చెప్పాను, ఎవరో స్నేహితురాలి కోసమని. ఆమె నేను దాచి తెచ్చిన చేతిరుమాలు విప్పి, గాజుముక్కల్ని వదిలేసి, గుడ్డను వాసన చూసి, నా మొహం వైపు చూసింది.

"నీ స్నేహితురాలు శానా ఏడ్సినట్లుందే. గుడ్డ ఉప్పగుండాది" అంది.

ఇక దాచలేదు, అంతా చెప్పేశాను. అంతా విని రెండే ప్రశ్నలు అడిగింది.

"పగిల్నప్పుడు మీ యమ్మ యాడుండె?"

"పక్కింట్లో అవ్వా."

"ఎంతసేపటికొచ్చె?"

"గంటకు."

ఆమెకు నవ్వొచ్చింది, నవ్వు దగ్గయింది, కండ్లలో నీళ్లు తిరిగాయి. ఎందుకు నవ్వుతోందో చెప్పలేదు. "సరే లే పో. ఎతుకుదాం" అంది.

అట్లా మొదలయ్యాయి ఆ సాయంత్రాలు. పొద్దున బడికి పోతూ బంకు దగ్గర ఆగితే, నా కళ్లముందే ఒక కొత్త జిరాక్సు చుక్కను దూది మీద వేసి కొంగున ముడేసేది. సాయంత్రం బస్సుకు ముందు మళ్లీ ఆగేదాన్ని. బజారు మీద ఎర్రటి వెలుతురు వాలి, గాజులన్నీ ఒకే రంగులోకి మారే వేళ. ఆమె ముడి విప్పేది. ఇద్దరం మోచేతి మడతల్లో ముక్కులు పెట్టుకుని పీల్చేవాళ్లం. దారిన పోయేవాళ్లు మమ్మల్ని చూసి ఏమనుకునేవాళ్లో. నేను కండ్లు మూసుకుని ఆ దూదిని పీలిస్తే, ఒకోసారి నాయన నా భుజం దాకా వచ్చి ఆగిపోయేవాడు. ఒకోసారి ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి వచ్చి నిలబడేవాడు.

"ఇది మధ్యాన్నానికే సచ్చింది" అనేది ఒకదాని గురించి. "ఇది సెంటు గాదు, సబ్బు. స్నానం జేసినోడు యాడికీ పోకుండా ఇంట్లోనే కూర్చున్నట్లుండాది." ఇంకొకటి నాకు ఎంత నచ్చిందో చెప్పలేను. అచ్చం అదే అనిపించింది. ఆమె తల అడ్డంగా ఊపింది. "అరుస్తాండాది పాపా. మీ నాయన అరిసే మనిషా?" కాదు. మా నాయన పక్కగదిలో ఉన్నా ఉన్నట్టు తెలియనంత నెమ్మది మనిషి. ఆమె ఆయన్ను ఎన్నడూ చూడలేదు. గుడ్డలో మిగిలిన వాసనను బట్టి ఆ మాట ఎట్లా అనగలిగిందో నాకు ఇప్పటికీ తెలియదు.

చివరికి ఒకటి దొరికింది. సాయంత్రానికి సన్నగా, మర్యాదగా మిగిలింది. అయినా ఏదో తేడా. ఆమె పోయినేడు పెద్దలకు పెట్టిన చొక్కా తెమ్మంది. అమ్మకు తెలియకుండా బీరువాలోంచి తెచ్చి ఇచ్చాను. ఒళ్లో పరుచుకుని కాలరును చాలాసేపు వాసన చూసింది.

"దీంట్లో సెంటు సగమే. మిగతా సగం మీ బీరువా. కలరా ఉండలుండాయి, ఇనుముండాది, సాంబ్రాణి ఉండాది. మీ యమ్మ సేతి పసుపుండాది. ఇన్నేండ్లు ఆ సీసా మీ ఇంట్లో కాపురం జేసింది. మన జిరాక్సు నిన్న పుట్టింది. దాన్ని గూడ కొన్నాళ్లు కాపురానికి పంపల్ల."

ఆమె చెప్పినట్టే ఆ సీసాను, ఆ సెంటు రాసిన ఒక గుడ్డలో చుట్టి, బీరువాలో కలరా ఉండల మధ్య, నాయన పాత బట్టల కింద పెట్టాను. అంతటితో ఊరుకుంటే బాగుండేది నాకు. ఊరుకోలేదు ఆమె.

"మీ యమ్మకు సెప్తావు గదా?"

"చెప్తే ఎట్లవ్వా? గుండె పగిలిపోతాది."

"ఇను పాపా. జిరాక్సు తప్పు గాదు. జిరాక్సును అసలని సెప్పేది తప్పు. జిరాక్సు మీద పెద్ద సారు సంతకం పెడితే ఆఫీసులో చెల్లుతాది గదా? ఈ సెంటు మీద సంతకం పెట్టల్సింది మీ యమ్మ. సెప్పకుండా పెట్టించుకుంటే అది దొంగ సంతకం."

నాకు కోపం వచ్చింది. నకిలీ సెంట్లు అమ్మే మనిషి నాకు నీతులు చెప్పడమేంటి అనుకున్నాను. పైకి అనలేదు గానీ మొహంలో కనపడే ఉంటుంది. పది రోజులు ఆ బజారు వైపు పోకుండా చుట్టుదారిన తిరిగి బడికి పోయాను. ఎవరి మీద అలిగానో వాళ్లకు తెలియకపోతే ఆ అలకకు విలువేముంది? పదకొండో రోజు నేనే పోయాను. ఆమె ఏమీ జరగనట్టు, "వక్కాకు ఏసుకుంటావా?" అంది.

పెద్దల అమావాస్య వచ్చింది. అమ్మ ఆకు ముందు కూర్చుంది. కొత్త చొక్కా కాలరుకు నా చేత్తోనే ఆ చుక్క రాసి ఇచ్చాను. అమ్మ దాన్ని మొహానికి ఆనించుకుంది. పక్కింటి మగ్గం చప్పుడు తప్ప ఏమీ వినపడటం లేదు. ఇంకొక్క క్షణం నోరు మూసుకుంటే గెలిచినట్టే. కానీ ఆమె గుడ్డి కండ్లు మూసుకుని అంత నమ్మకంగా పీలుస్తుంటే నా వల్ల కాలేదు.

"అమ్మా, అది నాయన సీసా కాదు. నేను పగలగొట్టినా" అన్నాను.

అమ్మ చొక్కా దించలేదు. దాని వెనకనుంచే అంది. "తెలుసు లేవే."

"తెలుసా?"

"సెంటు సీసా పగిలితే తెలీకుంటాదా? నేను మగ్గం కాడుంటి, ఆడికే వచ్చింది వాసన. పక్కింటామె గూడ ఏందక్కా ఇది అనె. బీరువా కాడ బండ సందుల్లో శానా దినాలుండె. నువ్వు ఫినాయిలు పోస్తే పోతాదా? ఆ వారం దినాలు మీ నాయన ఇంట్లో తిరుగుతాండట్లే ఉండె. ఏడాదికొక సుక్క అని పిసినారిగా దాసిపెట్టినా గానీ, అంత మనిషి ఒకేసారి వచ్చి ఉండిపోయె. నువ్వు పగలగొట్టకుంటే నాకు అది యాడ దొరికేది?"

నేను ఏడ్చాను. అమ్మ ఇంకోసారి చొక్కా వాసన చూసి, తల ఊపి, నవ్వింది. "మీ నాయనే. రవంత సన్నబడినాడు, అంతే."

మరుసటి రోజు ఆ మాట చెబితే సెంట్లవ్వ పీట మీదే ఎగిరి కూర్చుంది. "సన్నబడినాడంట! ఎంత బాగ సెప్పింది. నడిమి వాసన ఒకటి తక్కువ దీంట్లో, నేనూ సూసినా" అని తొడ చరుచుకుంది. అమ్మకు ముందే తెలుసని నీకు తెలుసా అవ్వా అని అడిగాను. "వీధికంతా తెలిసేది ఇంట్లో ఆమెకు తెలీకుంటాదా? బడిలో పిల్లోండ్లకు ఏం సెప్తావో ఏమో నువ్వు" అంది. మరి చెప్పలేదేమంటే, "నేను సెప్తే నువ్వు మీ యమ్మకు సెప్పేదానివా?" అంది.

ఆ తర్వాత అమ్మకూ ఆమెకూ మధ్య ఒక స్టీలు డబ్బా తిరగడం మొదలైంది. మోసేది నేను. అమ్మ పూర్ణం పెట్టిన ఓలిగలు పంపిస్తే, మూత తీయకుండానే "యాలకులు ఎక్కువేసింది మీ యమ్మ" అనేది. తిరుగు డబ్బాలో వక్కలో, రెండు గాజులో పంపేది. ఆమె ఎట్లుంటుందే అని అమ్మ నన్ను అడిగేది. నేను చెప్పేదాన్ని, బక్కగా, నల్లగా, నవ్వితే దగ్గుతుంది అని. కండ్లు లేనామెకు అట్లా చెబితే ఏం తెలుస్తుంది. ఒకసారి ఆదోనికి తీసుకుపోతానని అంటూనే ఉన్నాను. ముప్పై కిలోమీటర్లు కూడా లేని దారి. సెలవు రోజు చూసుకుని పోదాం, ఎండ తగ్గనీ, వాన తగ్గనీ అంటూనే రెండేండ్లు గడిపేశాను. నా మీద నాకు మిగిలిన కోపం అదొక్కటే.

అమ్మ పిసినారితనం మాని గుర్తొచ్చినప్పుడల్లా ఒక చుక్క తీస్తుండటంతో, ఈ అమావాస్యతో ఆ జిరాక్సు సీసా కూడా అయిపోయింది. ఆ రకం ఇప్పుడు రావడం లేదట. పోయిన గురువారం కొత్తరకం ఒకటి తెప్పించి, ఎప్పటిలాగే దూది మీద చుక్క వేసి, మొహం తిప్పుకుని కొంగున ముడేసింది. ఆ రోజు సాయంత్రం బడిలో మీటింగుండి నేను ఆగలేకపోయాను. బస్సు కిటికీలోంచి చేయి ఊపితే, ఆమె కొంగు ఎత్తి ముడి చూపించి, రేపు అన్నట్టు చేయి తిప్పింది.

మరునాడు పొద్దున ఆ కబురు విని ఆమె ఇంటికి పోయేసరికి పాస్టరుగారు ప్రార్థన మొదలుపెట్టారు. పెట్టెలో ఆమె మరీ చిన్నగా కనపడింది. ఎవరో సీసా తీసుకుని సెంటు చల్లారు. ఆమె అరలోనిదే. గదంతా ఒక్కసారిగా గుప్పుమంది. నేను అలవాటు కొద్దీ మొహం పక్కకు తిప్పుకున్నాను. మొదటి వాసన అందరిదీ బాగుంటుంది కదా. నాతో పాటు ఇంకో ఇద్దరు ముగ్గురు కూడా తిప్పుకోవడం చూశాను. వాళ్లూ ఆమె బంకుకు వచ్చినవాళ్లే అయ్యుంటారు. ఆ దుఃఖంలో మేము ఒకరినొకరు చూసుకుని కొంచెం నవ్వాం.

మట్టి వేసి వచ్చాక ఆమె కూతురు నన్ను పక్కకు పిలిచి ఒక పాత చీర ముక్కను చేతిలో పెట్టింది. కొంగు చివర కత్తిరించిన ముక్క. ముడి అట్లాగే ఉంది. "స్నానం సేయిస్తాంటే సూసినా అక్కా. లోపల దూదుండాది. పారేద్దామనుకుంటి. మళ్లా ఎవరిదో తీర్పు సెప్పల్సింది మిగిలిపోయిందేమో అని దాసినా. నీదేనా?" అంది. నాదే అన్నాను.

ఇంటికి తెచ్చి గడప మీద అమ్మ పక్కన కూర్చున్నాను. పొద్దు వాలుతోంది. పక్కింటి మగ్గం ఆగింది. ముడి బిగుసుకుపోయి ఉంది, విప్పడానికి చాలాసేపు పట్టింది. అమ్మకు మోచేతి మడతలో ముక్కు పెట్టుకోవడం నేర్పించాను. ఇద్దరం పీల్చి, సున్నా దగ్గర నిలబడ్డాం. తర్వాత ఆ దూదిని నేను ఒకసారి పీల్చి, అమ్మ అరచేతిలో పెట్టాను.

కొత్త సెంటు మిగల్లేదు. రవ్వంత కూడా లేదు. ఆమె ఉంటే సచ్చింది అని ఒక్క మాటలో తేల్చేసేది. ఆ దూదిలో ఉన్నది వక్కాకు, కొబ్బరినూనె, పాత నూలుచీర, ఎండిన పత్తి, దగ్గుకు రాసుకునే తైలం.

అమ్మ దాన్ని పీల్చింది. దూదిని ముక్కు దగ్గరినుంచి చెంపకు ఆనించుకుంది.

"మీ సెంట్లవ్వ గదా?" అంది. "ఇట్లుంటాదని నువ్వు సెప్పనే లేదే."

బీరువాలో పెట్టమంటావా అని అడిగాను. వద్దంది. గుప్పిట మూసి, ఇంటికి వచ్చిన మనిషి చేయి పట్టుకున్నట్టు ఒళ్లో పెట్టుకుని, వీధిలో దీపాలు వెలిగేదాకా గడప మీద అట్లాగే కూర్చుంది.